అత్తగారు చేయించుకున్న పరీక్ష

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. పెళ్లైన కొత్తలో ఆ సామెత తలుచుకుని నేను బాగానే భయపడ్డాను. తీరా వచ్చి చూస్తే మా ఆడపడుచు అర్ధమొగుడు కాదు, నిండు జడ్జి. ఆ పేరు పెట్టింది మా ఆయన. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లు ఆడుకునేటప్పుడు ఆయన పిసరంత మోసం చేసినా చాలు, ఈవిడ ఆట ఆపేసి తీర్పు చెప్పేదట. ఇప్పుడామెకి ముప్పై నాలుగేళ్లు. ఇంట్లోనూ దుకాణంలోనూ అందరికీ జడ్జిగారే.

మాది కర్టెన్ల దుకాణం. కింద దుకాణం, మీద ఇల్లు. అత్తగారు మిషను మీద కుడతారు, జడ్జిగారు గుడ్డ కత్తిరిస్తుంది, మా ఆయన నిచ్చెనెక్కి రాడ్లు బిగిస్తాడు, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడే పని నాది. నా నోటికి ఆ పని ఇచ్చారంటేనే మిగతావాళ్ల నోళ్లు ఎలాంటివో అర్థం చేసుకోవాలి. ఒకావిడ ఆకుపచ్చ గుడ్డ చేత్తో పట్టుకుని "మా హాల్లోకి బావుంటుందంటావా?" అని మురిపెంగా అడిగితే, "మీ హాలు నేను చూడలేదు" అని మళ్లీ కత్తెర పట్టుకుంటుంది మా జడ్జిగారు. నేను పరిగెత్తుకెళ్లి ఆ బేరం అతికించుకోవాలి.

ఆమెకి ఆటిజం ఉందని ఇరవై దాటాక ఎప్పుడో ఒక డాక్టరు చెప్పాడు. అంతవరకూ దానికి ఇంట్లో ఉన్న పేరు మొండితనం. ట్యూబులైటు చేసే సన్నని రొద మనకి వినపడదు, ఆమెకి చెవిలో జోరీగ. చెప్పకుండా భుజం మీద చెయ్యి వేస్తే ఆ రోజు పాడైపోయినట్టే. కొత్త చోటికి వెళ్లాలంటే అక్కడ ఏం జరుగుతుందో, ఏది ముందో ఏది వెనకో తెలియాలి. తెలిస్తే మాత్రం ఎక్కడికైనా వస్తుంది, మనకన్నా ధైర్యంగా కూర్చుంటుంది.

ఆ తెలిపే పని ఎప్పుడూ అత్తగారిదే. పళ్ల డాక్టరు దగ్గర కుర్చీ ఎలా వాలుతుందో, బ్యాంకులో ఏం అడుగుతారో, కొత్త బస్సుకి ఎటు వైపు తలుపు ఉంటుందో, ఆవిడ ముందు వెళ్లి చూసొచ్చి కూతురికి చెప్పేవారు. చెప్పింది చెప్పినట్టు జరిగేది. అందుకే ఈ లోకంలో ఎవరి మాటనైనా తిరగేసి చూసే పిల్ల, అమ్మ మాట మాత్రం అడక్కుండా నమ్మేది. నాకు దాన్ని చూస్తే ఒక్కోసారి అసూయగా ఉండేది. నన్ను అంతలా నమ్మినవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు, నా మొగుడితో సహా.

పోయిన ఏడు అత్తగారి చెల్లెలు పోయింది. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్. బయటపడేసరికే ముదిరిపోయింది. జడ్జిగారికి ఆ పిన్ని అంటే ప్రాణం. పిన్ని ఎందుకు కోలుకోవడం లేదని ఆస్పత్రిలో డాక్టర్ని ఈవిడే నిలబెట్టి అడిగింది. ఆ డాక్టరమ్మ కూడా దాచలేదు. "ఇది ఏళ్ల తరబడి మెల్లగా తయారయ్యే జబ్బమ్మా. మధ్యలో ఒక్కసారి పరీక్ష చేసి ఉంటే, క్యాన్సర్ కాకముందే ఆపేవాళ్లం" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం అని మేమంతా ఏడ్చాం. జడ్జిగారు ఏడవలేదు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర తలెత్తి, "మనింట్లో ఆ పరీక్ష ఎవరెవరు చేయించుకున్నారు?" అని అడిగింది.

నేను చేయించుకోలేదు. ఇవాళ కాదు రేపు, ఈ ఆర్డరు అయ్యాక, ఆ పండగ బేరాలు అయ్యాక, ఇలా ఏళ్లు గడిపేశాను. అదే చెప్పాను. మా ఆయన తనని అడగలేదు కదా, బతికిపోయాను అనుకుంటూ తింటున్నాడు.

అత్తగారు మాత్రం చారు పోసుకుంటున్నంత తేలిగ్గా, "నాకెప్పుడో అయిపోయిందే" అన్నారు.

"అయితే ఎలా ఉంటుందో చెప్పు. నేనూ చేయించుకుంటాను" అంది జడ్జిగారు.

దుకాణానికొచ్చే ఒక పెద్దావిడ ఈ సంగతి విని, "పెళ్లి కాని పిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా?" అని సాగదీసింది. జబ్బు శుభలేఖ చూసి లోపలికి వస్తుందా పిన్నిగారూ అని అడిగాను. ఆవిడ కర్టెన్లు ఇంకో దుకాణంలో కుట్టించుకుంది. పోతే పోనీ.

సాయంత్రం షట్టరు సగం దించాక కటింగ్ బల్ల మీద గుడ్డలన్నీ తీసేసి రిహార్సల్ మొదలుపెట్టేవాళ్లం. శాంపిల్ కర్టెను ఒకటి అడ్డంగా లాగితే అదే డాక్టరు గది. అత్తగారు డాక్టరు, నేను నర్సు. మా ఆయన్ని మీదకి తరిమేశాం.

"ముందు పేరు అడుగుతారు. తర్వాత బల్ల మీద పక్కకి తిరిగి పడుకోవాలి. బట్టలు విప్పక్కర్లేదు, కొంచెం జరుపుకుంటే చాలు. కళ్లు మూసుకుంటావు. డాక్టరమ్మ దూదితో ఇలా ఒకసారి తుడుస్తుంది. లేవమ్మా, అయిపోయింది అంటుంది" అని అత్తగారు చెప్పేవారు.

"దూది తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా?"

"పొడిగానే ఉంటుంది."

"ఆవిడ చేతులు చల్లగా ఉంటాయా?"

"వెచ్చగా ఉంటాయే తల్లీ."

ఇంత వివరంగా చెప్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా అత్తగారు జీవితమంతా కుట్టుపని చేసిన మనిషి, కుట్టు కనపడకుండా అతికారు. నర్సు వేషంలో నేను కూడా నోరు తెరుచుకుని విన్నాను. ఇంతేనా, దీనికా నేను ఇన్నేళ్లు వెనకాడింది అని నవ్వుకున్నాను.

జడ్జిగారు మాత్రం రోజూ శ్రద్ధగా ఆ బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని కళ్లు మూసుకునేది. మొదట్లో ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయేది. పోనుపోను కాస్త వదులైంది. ఒకరోజు లేచి కూర్చుని, "ఇక వెళ్లొచ్చు" అని తీర్పు చెప్పింది.

క్లినిక్కు వెళ్లిన రోజు ట్యూబులైట్ల వెలుగు కళ్లలో పడకుండా టోపీ పెట్టుకుంది, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ముందు నర్సు ఆమెనొక్కదాన్నే పక్క గదిలోకి తీసుకెళ్లి ఏవో వివరాలు అడిగింది. బయటికొచ్చి మా ఇద్దరి ముందు నిలబడి జడ్జిగారు ప్రకటించింది. "ఒక ప్రశ్న నా సొంత విషయం అని చెప్పి అడిగారు. నేను జవాబు చెప్పాను. పరీక్ష అవసరమే అన్నారు."

"ఏం ప్రశ్నే?" అన్నారు అత్తగారు.

"మీకు చెప్పను. ప్రశ్న చెప్తే జవాబు కూడా అడుగుతారు."

అత్తగారి చేతిలోని సంచి జారి కిందపడింది. ముప్పై నాలుగేళ్ల ఆడదానికి సొంత విషయం ఒకటి ఉండొచ్చని ఆవిడకి అంతవరకూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు. సంచి తీసే వంకతో వంగి నవ్వు దాచుకున్నాను.

పరీక్ష గదిలోకి ముగ్గురం వెళ్లాం. ఇంతమందా అన్నట్టు నర్సు చూసింది. "వీళ్లు రిహార్సల్లో ఉన్నారు" అంది జడ్జిగారు. నర్సు మంచిదే, ఇంకేం అనలేదు. మంచం చుట్టూ ఉన్న నైలాను కర్టెను లాగితే ఇనప రింగులు కీచుమన్నాయి. మా ముగ్గురికీ ఒళ్లు జలదరించింది, మా వృత్తి అలాంటిది మరి.

"నడుం కింద బట్టలు తీసేసి, ఈ దుప్పటి కప్పుకుని, వెల్లకిలా పడుకోండమ్మా. కాళ్లు ఇక్కడ ఆనించి మోకాళ్లు పక్కలకి వదలాలి" అంది నర్సు. తర్వాత ట్రేలోంచి బాతు ముక్కులాంటి పరికరం ఒకటి తీసి చూపించింది. "దీంతో లోపల కాస్త తెరిచి చూస్తాం. ఈ బ్రష్‌తో కొంచెం తీసుకుంటాం. ఒత్తినట్టు ఉంటుంది గానీ తొందరగానే అయిపోతుంది."

జడ్జిగారు ఆ పరికరాన్ని చూసింది. కాళ్లు ఆనించే చోటు చూసింది. హెడ్‌ఫోన్లు తీసేసింది.

"మా అమ్మకి ఇలా చేయలేదు" అంది.

"ఎవరికైనా ఇలాగేనమ్మా."

"పక్కకి తిరిగి పడుకుంటే దూదితో తుడుస్తారు."

నర్సు అయోమయంగా అత్తగారి వైపు చూసింది. నేనూ చూశాను. ఆవిడ దొంగకి తేలు కుట్టినట్టు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ ముఖం చూడగానే నాకు మొత్తం అర్థమైపోయింది. జడ్జిగారికి నాకన్నా ముందే అర్థమైంది.

"నువ్వు చేయించుకోలేదు" అంది.

అరవలేదు. అరిస్తే బావుండేది. టోపీ సరిచేసుకుని, మాకోసం ఆగకుండా నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో మొదలైన కోర్టుకి సెలవుల్లేవు. ఆమె అమ్మతో మాట్లాడటం మానలేదు. అంతకన్నా కష్టమైన పని చేసింది. అమ్మ ఏ మాట అన్నా నా వైపు తిరిగేది. "నీళ్లు కాగాయే" అని అత్తగారంటే, "వదినా, కాగాయా?" అనేది. "వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యి" అంటే నేను కిటికీ దగ్గరికెళ్లి మబ్బు చూసి సాక్ష్యం చెప్పాలి. పగ పట్టిందేమో అనుకున్నాను మొదట. కాదు. ఆమెకి నిజంగానే తెలియడం లేదు. ఒక మాట అబద్ధమైతే తక్కినవాటిలో ఏది నిజమో ఎలా తెలియాలి?

ఒకరోజు కర్టెనుకి కుచ్చులు పెడుతూ ఉన్నట్టుండి అడిగింది. "నాన్న నిద్రలోనే పోయాడన్నావు. నొప్పి లేదన్నావు. అది?"

మిషను ఆగిపోయింది. "నిజమేనే. నేను పక్కనే ఉన్నాను" అన్నారు అత్తగారు.

జడ్జిగారు నా వైపు తిరిగింది. నేనేం చెప్పను? మామగారు పోయేనాటికి నేను ఈ ఇంటి గడప తొక్కలేదు. "నాకు తెలియదమ్మా. నేనప్పటికి లేను" అన్నాను. ఆమె తలూపి మళ్లీ కుచ్చుల మీదకి వంగింది. అత్తగారు చీకటి పడేదాకా మిషను ముట్టుకోలేదు. ఆ రోజు ఆవిడ ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆ మాటకి ఈ ప్రపంచంలో వేరే సాక్షి లేడు, ఆవిడ ఒక్కరే.

జాలి ఉంటే ఉంది, కోపం కోపమే. ఆమె మేడమీదకి వెళ్లాక నేను అత్తగారి ఎదుట కూర్చుని దులిపేశాను. "మీకు భయమైతే భయమని చెప్పొచ్చుగా! ఆ పిల్ల దగ్గరా మీ గొప్పలు? రేపు దానికేమైనా అయితే, మళ్లీ ఆ గుమ్మం ఎక్కుతుందా అది?"

నా మీద విరుచుకుపడతారనుకున్నాను. ఆవిడ దారపు ఉండ ఒళ్లో పెట్టుకుని మెల్లగా అన్నారు. "దాన్ని మోసం చేద్దామని కాదమ్మాయ్. అది వెళ్లాలి, దానికేం కాకూడదు. అందుకే తేలిగ్గా చెప్పాను. నాకే... చెల్లెలి పక్కన అన్ని రోజులు కూర్చున్నాను కదా. నాకూ ఏదో ఉందని చెప్తే? తెలియకపోతే కనీసం అన్నం అరుగుతుంది."

అంత గయ్యాళి మనిషి అలా మాట్లాడేసరికి నా కోపం దిగిపోయింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "వెళ్దాం అత్తయ్యా, నేనూ చేయించుకోవాలిగా" అన్నాను.

ఆవిడ లేచి మెట్లెక్కి కూతురి గది ముందు నిలబడ్డారు. "నేను చేయించుకుంటాను. నువ్వు వచ్చి నీ కళ్లతో చూడు. నేను చెప్పేదేం ఉండదు" అన్నారు.

తలుపు తెరుచుకుంది. "మొదటినుంచి చివరిదాకా చూస్తాను" అంది జడ్జిగారు.

"చూడు తల్లీ."

ఈసారి క్లినిక్కులో డాక్టరమ్మ ఉంది. కూతురు పక్కనుండి చూస్తుందంటే, పేషెంటుకి అభ్యంతరం లేకపోతే తనకీ లేదంది. ముందు నాది అయింది. అది చెప్పుకోవడానికేం లేదు, పళ్లు బిగపట్టాను, అయిపోయింది. తర్వాత అత్తగారు. ఇంటినిండా కేకలేసే మనిషి ఆ మంచం మీద పిట్టంతైపోయారు. జడ్జిగారు తల దగ్గర నిలబడి జరిగేదంతా పైకి చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు లైటు దగ్గరికి లాగారు. ఇప్పుడు ఆ పరికరం. ఇంకా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నారు. అమ్మా, నొప్పా?"

ఏం లేదే అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. నాకు కనపడింది. "నొప్పే. కొంచెం. ఒత్తినట్టుంది" అన్నారు.

"బ్రష్ పెట్టారు. తీశారు. అయిపోయింది" అంది జడ్జిగారు. అత్తగారు ఎప్పుడు పట్టుకున్నారో ఏమో, కూతురి చొక్కా చేతి అంచు ఆవిడ పిడికిట్లో ఉంది. జడ్జిగారు దాన్ని చూసింది గానీ విడిపించుకోలేదు.

"ఇప్పుడు నేను" అని టోపీ తీయబోయింది.

అప్పుడు డాక్టరమ్మ అంది. "మీకు ఇది ఇబ్బందైతే ఇంకో పద్ధతి ఉందమ్మా. హెచ్‌పీవీ అనే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష. దూదిపుల్లలాంటిది ఒకటి ఇస్తాం. తలుపు వేసుకుని మీ అంతట మీరే తీసుకోవచ్చు. ఎవరూ తాకరు. అందులో ఏదైనా కనపడితేనే మేం చూడాల్సి వస్తుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ ముక్క మొదటే చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయాండీ? మా ఇంట్లో ఎంత రామాయణం జరిగిందో తెలుసా మీకు?"

"మీరు మొదట వచ్చినప్పుడు మా దగ్గర లేవండీ, మొన్ననే తెప్పించాం" అంది నర్సు. పాపం, నా నోరు మూతపడింది. మంచం మీదనుంచి దిగుతున్న అత్తగారు మాత్రం కళ్లు పెద్దవి చేసి, "అయితే నేనూ అలాగే చేసుకోవచ్చునా?" అన్నారు.

"చేసుకోవచ్చండీ" అంది డాక్టరమ్మ, కాస్త మొహమాటంగా.

ఆ గదిలో ముందుగా నవ్వింది జడ్జిగారు. ఆమె నవ్వితే ఇంటిపక్కవాళ్లకి కూడా వినపడుతుంది. అత్తగారు చెప్పులు వేసుకుంటూ, "నవ్వవే, నవ్వు. తల్లి అవస్థ నీకు నవ్వులాటగా ఉంది" అని తిట్టారు గానీ ఆవిడకీ నవ్వు ఆగలేదు. జడ్జిగారు ఆ పుల్ల తీసుకుని బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది, దాని వాడకం గురించి నర్సుని తలుపు సందులోంచి నాలుగు ప్రశ్నలు అడిగింది, పని ముగించుకుని వచ్చింది.

ఫలితాలకి అత్తగారూ నేనూ వెళ్లాం. తన ఫలితం మేం తెచ్చివ్వొచ్చని జడ్జిగారు ముందే సంతకం పెట్టి ఒప్పుకుంది. ఆ రోజు పెద్ద ఆర్డరు కటింగు ఉంది. ఆమెకి ఏమీ లేదు. నాకూ లేదు. అత్తగారి దగ్గర డాక్టరమ్మ ఆగింది. వైరస్ ఉందట, కణాల్లో కొంత మార్పు కనిపించిందట. క్యాన్సర్ కాదు. భూతద్దంలాంటి దాంతో దగ్గరగా చూసి, కావాలంటే ఆ కాస్తా తీసేస్తారు. "మంచి సమయానికి వచ్చారు. ఇది ముదరకముందే దొరికింది" అంది ఆవిడ. మంచి మాటే. కానీ రోడ్డు దాటేటప్పుడు అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

దుకాణంలోకి అడుగుపెట్టగానే జడ్జిగారు కత్తెర కింద పెట్టింది. "ఏం వచ్చింది?"

"నీకేం లేదు. వదినకీ ఏం లేదు" అన్నారు అత్తగారు.

"నీకు?"

ఆ మనిషి గురించి నాకు తెలుసు. "నాకేముంటుందే, ఉక్కుముక్క" అనేస్తారు, తర్వాత నన్ను చాటుకి పిలిచి నోరు మూసుకోమంటారు. అందరినీ కాచుకోవడం అంటే ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే. నేను అడ్డుపడదామని నోరు తెరిచాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బాలేదు. ఏదో మార్పు ఉందంట. క్యాన్సర్ కాదంట. మళ్లీ వెళ్లాలి, దగ్గరగా చూసి తీసేస్తారంట. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు భయంగా ఉందే" అన్నారు.

జడ్జిగారు అమ్మనే చూస్తూ నిలబడింది. అన్నాళ్లుగా అలవాటైపోయి, నన్ను అడుగుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. అవునమ్మా, అదే నిజం అని చెప్పడానికి. ఆమె నా వైపు తిరగలేదు.

"చాలా భయమా?" అని అమ్మనే అడిగింది.

"చాలా."

"సరే. నేను వస్తాను. అక్కడ ఏం చేస్తారో రేపు నేను ముందు వెళ్లి కనుక్కుని నీకు చెప్తాను" అంది.

మళ్లీ కత్తెర తీసుకుని గుడ్డ మీదకి వంగింది. నేను ఆ గది మధ్యలో ఎవరికీ అక్కర్లేని సాక్షిలా నిలబడిపోయాను. ఆడపడుచు తనని లెక్కచెయ్యకపోతే ఇంత సంతోషించిన వదిన ఎక్కడా ఉండదు. మా ఆయన నిచ్చెన భుజాన వేసుకుని లోపలికొచ్చి, ఎందుకు ఏడుస్తున్నావే అని అడిగాడు.